31 రోజుల దూరంలో శత్రువు: నా నవల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పాత డ్రాఫ్టు మొత్తం మళ్లీ చదివాను. 146 పేజీలు. గురుగ్రహం ఉపగ్రహమైన యూరోపా మంచు కింద ఆరుగురు శాస్త్రవేత్తలు, వాళ్ల మీద పడే జీవులు. రెండేళ్ల కిందట మధ్యలో ఆపేశాను. ఎందుకు ఆపానో ఇవాళ తెలిసింది. 40వ పేజీ దాటాక నా శాస్త్రవేత్తలు శాస్త్రవేత్తల్లా లేరు. పరుగెత్తుతున్నారు, కేకలు వేస్తున్నారు, తలుపులు మూసుకుంటున్నారు. ఒక్కరు కూడా ఒక్క కొలత తీసుకోలేదు. జీవులు చీకట్లోంచి వస్తాయి, చంపుతాయి, వెళ్లిపోతాయి. ఎందుకొచ్చాయన్న ప్రశ్నకు పుస్తకంలో ఎక్కడా జవాబు లేదు.

అందుకే మొదటి నుంచి రాస్తున్నాను. ఈసారి పెట్టుకున్న నియమం ఒక్కటే. శత్రుత్వానికి కారణం ఉండాలి. ఆ కారణాన్ని నా పాత్రలే కొలిచి, పొరబడి, పోట్లాడుకుని కనుక్కోవాలి. నేను మధ్యలో దూరి పాఠకుడి చెవిలో చెప్పకూడదు.

4వ రోజు

ముందు చోటు సరిచేసుకోవాలి. యూరోపా మన చందమామ కంటే కొంచెం చిన్నది. పైన మంచు పొర, దాని కింద ఉప్పునీటి సముద్రం. మంచు మందం 15 నుంచి 25 కిలోమీటర్లన్నది తరచుగా కనిపించే అంచనా. నేను 20 తీసుకున్నాను. 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో అక్కడికి చేరుతుంది. నా 20 తప్పని అది తేల్చినా నాకు సంతోషమే.

పాత డ్రాఫ్టులో నాకు ప్రాణమైన దృశ్యం ఒకటుంది. జీవశాస్త్రవేత్త వసుధ మంచు మీద నిలబడి తలెత్తి గురుగ్రహాన్ని చూస్తుంది. మనకు చందమామ ఎంత వెడల్పుగా కనిపిస్తుందో, అక్కడి నుంచి గురుగ్రహం దానికి 24 రెట్లు కనిపిస్తుంది. యూరోపా ఎప్పుడూ ఒకే ముఖం అటు పెట్టి తిరుగుతుంది కాబట్టి ఆ గోళం ఉదయించదు, అస్తమించదు, నెత్తిన అలాగే వేలాడుతూ ఉంటుంది. నాలుగు పేజీలు రాశానా దృశ్యం. ఇవాళ తీసేశాను. ఆ మంచు మీద రేడియేషన్ రోజుకు దాదాపు 5.4 సీవర్టులు. ఒక్క రోజు బయట ఉన్నా మనిషి బతికి బట్టకట్టడం కష్టం. స్టేషన్ మొత్తాన్ని మంచు లోపలికి దించాను. మీద కొన్ని మీటర్ల మంచుంటే అదే కవచం. వసుధ ఇప్పుడు గురుగ్రహాన్ని చూసేది తెర మీదే, పైన పాతిన కెమెరా కంటితో. మొదట మనసు ఒప్పుకోలేదు. రాసి చూశాక, అంత దూరం వెళ్లి కూడా ఆకాశాన్ని నేరుగా చూడలేకపోవడం ఆమెను నాకు ఇంకా దగ్గర చేసింది.

ఒత్తిడి లెక్క కూడా వేశాను. అక్కడి గురుత్వం భూమ్మీద ఉన్నదాంట్లో సుమారు 13 శాతం. 20 కిలోమీటర్ల మంచు కింద ఒత్తిడి 240 వాతావరణాలు వస్తోంది. మన సముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతులో ఉన్నట్టు. మనుషులు వెళ్లొచ్చిన లోతే! ఇద్దరు పట్టే వాహనాన్ని కిందికి దించొచ్చన్న ధైర్యం ఈ లెక్కతోనే వచ్చింది.

9వ రోజు

ఇవాళంతా ఒకే ప్రశ్న: అవి మనల్ని ఎందుకు చంపాలి?

తినడానికి అనుకుంటే కుదరడం లేదు. ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు మన రెండు చేతుల్లా ఎడమ, కుడి అని రెండు రూపాల్లో ఉండగలవు. భూమ్మీద జీవుల ప్రోటీన్లు ఎడమచేతి వాటం వాటితో కట్టుకున్నవి. వేరేచోట, వేరేగా పుట్టిన ప్రాణం కుడి వాటాన్ని ఎంచుకుని ఉండొచ్చు, అసలు వేరే సామగ్రి వాడుకుని ఉండొచ్చు. మన శరీరం దానికి అరగదు. వాసన కూడా ఆహారంలా అనిపించదు.

ఇంకో చిక్కు ఆకలి. ఎండ తగలని సముద్రం అది. 1977లో గాలపాగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి బిలాలు, వాటి చుట్టూ సూర్యకాంతి అక్కర్లేకుండా రసాయనాల మీదే బతికే జీవరాశి కనిపించినప్పటి నుంచి, అలాంటి చోట ప్రాణం ఉండొచ్చని ధైర్యంగా ఊహించుకోగలుగుతున్నాం. కానీ అక్కడ దొరికే శక్తి తక్కువ. ఆహారపు గొలుసులో ఒక మెట్టు ఎక్కేసరికి సుమారు పదో వంతే మిగులుతుంది. స్ప్రెడ్‌షీట్ తెరిచి, పాత డ్రాఫ్టులోని గుంపుకు రోజుకు ఎంత తిండి కావాలో వేసి చూశాను. ఒక్క వారంలో చుట్టుపక్కల సముద్రమంతా ఖాళీ అవుతుంది. పెద్ద ఒళ్లు, వేగం, గుంపు, ఈ మూడూ ఒకేసారి ఇవ్వలేను.

గుంపు తీసేశాను. వేగం కూడా తీసేయాలేమో. వేగం లేని జీవి భయపెడుతుందా?

15వ రోజు

భయపెడుతుంది. ఇంకా ఎక్కువ భయపెడుతుంది!

గ్రీన్‌లాండ్ షార్క్ దారి చూపించింది. గడ్డకట్టే చలినీళ్లలో, సగటున సెకనుకు 0.34 మీటర్ల వేగంతో ఈదుతుంది. ఆయుష్షు కనీసం 272 ఏళ్లని 2016లో లెక్క తేలింది. చలిలో, తిండి తక్కువైన చోట, నెమ్మదే బతుకుతెరువు. నా జీవికి అంతకంటే చాలా తక్కువ వేగం ఇచ్చాను: గంటకు 40 మీటర్లు. స్టేషన్ హైడ్రోఫోన్లు, అంటే నీటిలో శబ్దం పట్టే మైకులు, దాన్ని 30 కిలోమీటర్ల దూరంలో మొదటిసారి పట్టుకుంటాయి. 30,000 మీటర్లను 40తో భాగిస్తే 750 గంటలు. 31 రోజులు.

ఆ 31 అన్న అంకె చూశాక కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. నవల రూపమే మారిపోయింది. శత్రువు వస్తున్నాడని 31 రోజుల ముందే తెలుస్తుంది. రోజూ పొద్దున్నే తెర మీద చూస్తే ఇంకో 960 మీటర్లు దగ్గరికి వచ్చి ఉంటుంది. పరుగెత్తాల్సిన పని లేదు, దాక్కునే చోటూ లేదు. శాస్త్రవేత్తలకు కావలసినంత సమయం ఉంది కాబట్టి వాళ్లు చేయగలిగిన పనే చేస్తారు. కొలుస్తారు. ఆ కొలతల్లోనే చీలిపోతారు.

18వ రోజు

జీవికి పేరు కావాలి. పాత డ్రాఫ్టులో కనిపించిన ప్రతిచోటా ‘రాక్షసి’ అని ఉంది. శాస్త్రవేత్తల నోట ఆ మాట మొదటి రోజే రాదు. ముందు అంకె వస్తుంది: ‘ప్రతిధ్వని 4’. ఆ తర్వాత ముద్దుపేరో, మొద్దుపేరో పుడుతుంది.

బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాను. మంచు అడుగుభాగానికి అంటిపెట్టుకుని పాకే జీవి, వెడల్పుగా, పలచగా, అంచులు మెల్లగా అలలాడుతూ. గీశాక నా నోట్లోంచి వచ్చిన మాటే వసుధ నోట్లో పెట్టాను: “చాపలా ఉంది.”

అంతే, అది చాప అయిపోయింది. చాప కింద నీరులా వచ్చే జీవికి ఇంతకంటే తగిన పేరు వెతికినా దొరకదు. చాప కింద ఇక్కడ నిజంగానే నీరుంది, వంద కిలోమీటర్ల లోతు దాకా. ఇంకో లాభం నేను అనుకోకుండా వచ్చిపడింది. రేడియోలో గరగరల మధ్య భూమికి చేరిన మాట ‘చేప’. భూమ్మీది బృందం ఒక రోజంతా చేప అనుకుని సలహాలు తయారుచేస్తుంది: దాని కళ్లెక్కడ, వల వేయగలరా, దీపాలు ఆర్పి చూశారా. ఒక్క గుణింతం తేడాతో ఒక రోజు పోతుంది.

22వ రోజు

అక్కడి నుంచి మాట రావడానికి ఎంతసేపు పడుతుందో అంకె తెలుసు. గురుగ్రహం భూమికి దగ్గరగా ఉన్నప్పుడు దాదాపు 33 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు దాదాపు 54. ఆ అంకె రాస్తే పాఠకుడికి ఏమీ అనిపించదు. అందుకని చెల్లెలితో కలిసి చేసి చూశాను. నేను స్టేషన్, తను భూమి. ఒకరు పంపిన మెసేజ్‌ని రెండోవాళ్లు 45 నిమిషాలు ఆగాకే చూడాలి. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం.

మొదటి రెండు మెసేజ్‌లూ మామూలు ప్రశ్నలే. మూడో మెసేజ్‌కి ఇద్దరం మారిపోయాం. జవాబు వచ్చేదాకా ఆగలేక, అవతలివాళ్లు ఏమడుగుతారో ముందే ఊహించి, వాటికి జవాబులు కూడా కలిపి పంపడం మొదలుపెట్టాం. ఆ ఊహలు తప్పితే వాటిని సరిదిద్దడానికి ఇంకో గంటన్నర. మధ్యాహ్నానికి మా మాటల్లో మూడు విషయాలు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తున్నాయి.

సాయంత్రం తను ఫోన్ చేసి అంది: “అక్కా, నువ్వు చివర్లో ‘వద్దు’ అని పంపావు చూడు, అది దేనికి వద్దో నాకు తెలియలేదు. నేను అడిగినవి అప్పటికి నాలుగున్నాయి. భయమేసింది తెలుసా?”

ఆ ‘వద్దు’ 12వ అధ్యాయంలోకి వెళ్లింది. భూమి నుంచి ఒక ‘వద్దు’ వస్తుంది. దేనికి వద్దో తెలియదు. అడిగి తెలుసుకునే టైమ్ లేదు.

28వ రోజు

ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా ఉపయోగపడిన పని ఇదే, అందుకని వివరంగా రాస్తున్నాను.

మంచులోకి బిలం వేయడం ఎలా ఉంటుందో చేతులతో చూడాలనిపించింది. ఒక లోతైన ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాను. తర్వాత స్టీలు గరిటెను మరిగే నీళ్లలో ముంచి, దాని కాడను మంచులోకి నొక్కాను. కొంచెం దిగింది, ఆగింది. మళ్లీ వేడిచేశాను. నలభై సార్లు అలా చేస్తే చిటికెన వేలు పొడవు దిగింది. బిలం నిండా కరిగిన నీళ్లు. అందులోకి ఒక దారం వదిలాను, అది కేబుల్ అనుకుని. డబ్బాను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి పడుకున్నాను.

పొద్దున్నే చూస్తే బిలం లేదు. ఉన్నచోట చిన్న బొడిపె. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది కదా. దారం పట్టి లాగితే తెగిపోయింది.

ఫ్రీజర్ ముందు చాలాసేపు నిలబడ్డాను. నా పాత డ్రాఫ్టులో బిలం అంటే నేలలో తవ్విన బావి లాంటిది. ఒకసారి తవ్వితే ఉంటుంది. మంచులో అలా ఉండదు. తెరిచి ఉంచాలంటే వేడి పెడుతూనే ఉండాలి. వేడి ఆపిన క్షణం నుంచి మంచు తన పని తాను చేసుకుపోతుంది. దానికితోడు గురుగ్రహం లాగుడుకు ఆ మంచు పొర ప్రతి 85 గంటలకు ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంది, 30 మీటర్ల దాకా ఊగొచ్చని లెక్కలు. మంచులో ఇరుక్కున్న కేబుల్‌కి ఎన్ని ఊపులు తట్టుకునే శక్తి ఉంటుంది?

ఫిజిక్స్ చెప్పే స్నేహితురాలికి ఫోన్ చేశాను. తను ఇంకో మాట చెప్పింది. “నీళ్లకంటే మంచు తేలిక కదే, 20 కిలోమీటర్ల బిలంలో నీళ్లు పై దాకా రావు. అడుగు నుంచి 18 కిలోమీటర్లు దాటి కొంచెం పైకొచ్చి నిలబడతాయి. మిగతా ఒకటిన్నర ఖాళీయే.” ఆ ఖాళీ గొట్టం నవలలో ఎంత బాగా పనికొచ్చిందో! చాప కదలికల శబ్దం అందులోంచి మూలుగులా పైకి వస్తుంది, స్టేషన్ గోడల దాకా.

31వ రోజు

కారణం దొరికింది.

గురుగ్రహం చుట్టూ తిరిగే వేగవంతమైన కణాలు యూరోపా మంచును గుద్ది గుద్ది, నీటిని విడగొట్టి ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తాయి. ఆ పెరాక్సైడ్‌ను గెలీలియో నౌక పరికరాలు పట్టుకున్నాయి. అంటే పై పొరల మంచులో ఆక్సిజన్ దాగి ఉంది. నా శాస్త్రవేత్తలు బిలాన్ని వేడిచేస్తూ, పై మంచును కరిగిస్తూ, ఆ నీటిని నెలల తరబడి కిందికి వదులుతున్నారు.

మనకు ఆక్సిజన్ ప్రాణవాయువు. తెలుగులో దాని పేరే అది. కానీ అది లేని లోకంలో పెరిగిన ప్రాణానికి అది విషం. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైనప్పుడు, అది సరిపడని సూక్ష్మజీవులు బురదల్లోకి, లోతుల్లోకి తప్పుకోవాల్సి వచ్చింది. నా నవల సముద్రంలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఇది నా ఊహ. చాప తినడానికి రావడం లేదు. బిలం మూయడానికి వస్తోంది. ప్రాణవాయువు అన్న మాటను మొదటి అధ్యాయం నుంచీ వాడుతూ వచ్చి, 19వ అధ్యాయంలో రసాయన శాస్త్రవేత్త సల్మా చేత ఆ మాటను ఆపించాను. అక్కడి నుంచి నవలలో అది ఆక్సిజన్ మాత్రమే.

36వ రోజు

శాస్త్రవేత్తల వాదనలు రాయడం మొదలుపెట్టాను. వారం రోజుల్లో ఆరు వేల పదాలు, అందులో సగం తీసేశాను.

హైడ్రోఫోన్‌లో శబ్దం వినగానే “గ్రహాంతర జీవి!” అని ఎవరూ అనరు. 1967లో ఖగోళ శాస్త్రవేత్త జాస్లిన్ బెల్ పల్సార్ సంకేతాన్ని, అంటే ఒక నక్షత్రం నుంచి లయ తప్పకుండా వచ్చే రేడియో సంకేతాన్ని, గుర్తించినప్పుడు కూడా ముందు వచ్చిన అనుమానం భూమ్మీది రేడియో గోల మీదే. నా శాస్త్రవేత్తల్లో ఒకడైన జోసెఫ్ కూడా మూడు రోజులు పరికరాన్నే అనుమానిస్తాడు. కేబుల్ మారుస్తాడు, మైకు మారుస్తాడు, పంపు ఆపి వింటాడు. పంపు ఆపినా శబ్దం ఉంది. ఆ వాక్యం రాసేటప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

మిషన్ పెద్ద రామం గారి చేత ఒక విషయం చెప్పించాను. 2003 సెప్టెంబరు 21న నాసా తన గెలీలియో నౌకను కావాలనే గురుగ్రహంలోకి పడేసింది. వదిలేస్తే అది ఏనాటికైనా యూరోపాను ఢీకొని, మీదున్న భూమి సూక్ష్మజీవులను ఆ సముద్రానికి అంటిస్తుందేమోనని. “ఈ నీటికి మైల అంటకూడదని వాళ్లు ఒక నౌకనే బూడిద చేసుకున్నారమ్మా. మనం గొట్టం పెట్టి పోస్తున్నాం,” అంటారు ఆయన, వసుధతో. ఆ మాట అన్న మర్నాడే ఆయన వాహనంలో కిందికి వెళ్తారు, జోసెఫ్‌తో.

44వ రోజు

చాపలు వాహనాన్ని చుట్టుకునే అధ్యాయం పూర్తయింది. మూడు చాపలు. పదకొండు గంటలు పడుతుంది. ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ, బిలం నోటికి వాహనాన్నే బిరడాలా బిగిస్తాయి. మొత్తం 31 పేజీలు వచ్చింది. ఎక్కడా అరుపు లేదు. రామం గారు, జోసెఫ్ చివరి దాకా ఉష్ణోగ్రతలు చదువుతూనే ఉంటారు, పైన సల్మా రాసుకుంటూనే ఉంటుంది. ఇది రాస్తూ ఏడ్చాను.

ఈ అధ్యాయం చివర తెలుగు నాకు ఇచ్చిన ఒక వాక్యం ఉంది. అప్పటిదాకా చాపల గురించి అందరూ ‘అవి వచ్చాయి’, ‘అవి ఆగాయి’ అనే అంటున్నారు. కొలతలన్నీ వరసగా పెట్టుకుని చూశాక సల్మా అంటుంది: “అవి కేబుల్ జోలికి రాలేదు. బిలం మూస్తున్నారు.”

గదిలో అందరూ ఆమె వైపు తిరుగుతారు. క్రియ మారిందని ఆమెకు తెలియదు. జోసెఫ్ ఆమె భర్త.

52వ రోజు

స్నేహితురాలు 22 అధ్యాయాలు చదివి ఫోన్ చేసింది. లెక్కలు బాగున్నాయంది. తర్వాత అడిగింది: “తప్పు మనదేనని తేలింది కదా. మరి ఇంకా అవి శత్రువులెలా అవుతాయి? క్షమించేస్తే అయిపోదా?”

రెండు రోజులు ఆ ప్రశ్నతోనే ఉన్నాను. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆ జీవులకు కారణం ఉంది, నిజమే. కానీ జోసెఫ్ ఇంకా కిందే ఉన్నాడు. బ్యాటరీ 60 గంటలుంది. సల్మా హీటర్ ఆపితే విషం ఆగుతుంది, చాపలు బహుశా వెనక్కి వెళ్తాయి, బిలం దానంతట అదే గడ్డకడుతుంది, నా ఫ్రీజర్ డబ్బాలోలా. భర్త ఉన్న బిలం. ఆపకపోతే ఇంకో నాలుగు చాపలు దారిలో ఉన్నాయి. కారణం తెలియడం వల్ల ఆమెకు ఏ బరువూ తగ్గదు. అటువైపు ఉన్నది ఎదురుపడితే చంపేదే, ఇటువైపు ఉన్నది కూడా అదే.

ఆఖరి మూడు అధ్యాయాల్లో చాపలు మెత్తబడే వాక్యాలు ఏడు కనిపించాయి. ఒకచోట ఒక చాప వాహనాన్ని ‘జోకొడుతున్నట్టు’ అని కూడా రాశాను. ఏడూ తీసేశాను.

63వ రోజు

మొదటి డ్రాఫ్టు పూర్తి. 27 అధ్యాయాలు, 58 వేల పదాల చిల్లర. 7వ అధ్యాయం బాగా లేదు, స్టేషన్ వర్ణన సాగిపోయింది, కథ నిలబడిపోయింది. డాక్టర్ పాత్రకు ఇంకా పని దొరకలేదు.

ప్రింట్ తీసి చెల్లెలికి ఇచ్చాను. తను పెన్సిల్ పట్టుకుని చదువుతుంది, అక్షర దోషం కనిపిస్తే వదలదు.

66వ రోజు

ప్రతి తిరిగొచ్చింది. 19వ అధ్యాయంలో రెండు అంకెలు కలవలేదు, పట్టుకుంది. జోసెఫ్ పేరు ఒకచోట జోసఫ్ అయింది.

సల్మా వాక్యం ఉన్న పేజీ తిప్పాను. ‘మూస్తున్నారు’ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘మూస్తున్నాయి’ అని రాసింది. తర్వాత దాన్ని రబ్బరుతో చెరిపేసింది. గీత ఇంకా లీలగా కనిపిస్తోంది.

రేపు 7వ అధ్యాయం.